రెండు కళ్ల మేస్త్రీ

కంటికి తొడుక్కునే త్రీడీ తెర పనిచేయాలంటే రెండు కళ్లకూ రెండు వేర్వేరు బొమ్మలు వేళ తప్పకుండా అందాలి. ఆ పని చేసేది గ్రాఫిక్స్ డ్రైవర్. దాన్ని సరిచేసుకోవడం బొంబాయి చాళ్లలోని మన పిల్లలు నేర్చుకుంటే రేపు కట్టబోయే ఇళ్ల మీద మన చూపు కూడా నిలుస్తుంది. ఈ వారం ముఖచిత్ర కథనం.

ఎడమ కంట్లో ఫోల్డర్ల బొమ్మలు. కుడి కంట్లో ఉత్త నీలం.

లామింగ్టన్ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న హెడ్‌సెట్‌ను మొదటిసారి తలకు తగిలించుకున్న రాత్రి నాకు కనిపించింది అంతే. కంప్యూటర్ తెరను నిలువునా కోసి ఒక్కో కంటికి ఒక్కో ముక్క అతికించినట్టుంది. రెండు కళ్లూ రెండు దిక్కులకు లాగుతుంటే నిమిషం తిరక్కుండానే నుదుట్లో నొప్పి మొదలైంది. తీసి పక్కన పెట్టాను.

కామాటిపురలో మా ఖోలీ పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. మాలా (అటక) మీద నాయిన పనిముట్ల పెట్టె, దాని కింద కుట్టుమిషన్, మిషన్ పక్కన కంప్యూటర్. అమ్మ గ్యాలరీలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను నుదురు రుద్దుకోవడం చూసి లోపలికి తొంగిచూసింది. "ఏమైంది బిడ్డా, ఖరాబైందా?"

ఖరాబు కాలేదు. లోపలి తెరలు రెండూ వెలుగుతున్నాయి. అద్దాల మీద గీత లేదు. తీగ బిగువుగానే ఉంది. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు కూడా బాగానే తిరుగుతోంది. ఈ చివర మంచిదే, ఆ చివర మంచిదే. తప్పంతా నడుమ ఉంది. అది పట్టుకోవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది.

నడుమ మనిషి

మా నాయిన సెంట్రింగ్ మేస్త్రీ. ఇంజనీరు నక్షా చూపించి వెళ్లిపోతాడు. కూలీలకు నక్షా చదవడం రాదు, ఇంజనీరుకు కూలీ భాష రాదు. నక్షాలోని గీతను పలకగా, బల్లీగా, మేకుగా మార్చి ఎవరు ఏది ఎత్తాలో, ఎక్కడ నిలబెట్టాలో చెప్పేది మేస్త్రీ. కట్టడం నిలిచాక శిలాఫలకం మీద యజమాని పేరు ఉంటుంది, ఇంజనీరు పేరు ఉంటుంది. మేస్త్రీ పేరు ఉండదు.

గ్రాఫిక్స్ డ్రైవర్ కంప్యూటర్‌లోని మేస్త్రీ. ఆటనో, సినిమానో, ఇంటి నమూనానో చూపే ప్రోగ్రామ్ "ఇక్కడొక గోడ, అక్కడొక తలుపు" అని నక్షా ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డులో వేల కొద్దీ చిన్న లెక్కల యంత్రాలు కూలీల్లా సిద్ధంగా ఉంటాయి. నక్షాను వాటికి పనిగా పంచి, అవి గీసిన బొమ్మను ఏ తీగ వెంట, ఏ తెరకు, సెకనుకు ఎన్నిసార్లు పంపాలో తేల్చేది డ్రైవర్.

తెరను తీగతో తగిలించగానే డ్రైవర్ అడిగే మొదటి ప్రశ్న "నువ్వెవరు?" అని. ప్రతి తెరలోనూ ఈడీఐడీ అనే చిన్న చిట్టా ఉంటుంది. మూల చిట్టా 128 బైట్లే. తయారుచేసింది ఎవరు, ఏ కొలతల బొమ్మ పడుతుంది, సెకనుకు ఎన్నిసార్లు మారగలదు అన్న వివరాలన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ చిట్టా చదివి "ఇది బల్ల మీది మానిటర్ కాదు, తలకు పెట్టుకునేది" అని డ్రైవర్ గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోతే దాన్ని మామూలు రెండో మానిటర్ అనుకుని డెస్క్‌టాప్‌ను దాని మీదికి కూడా పరిచేస్తుంది. హెడ్‌సెట్‌లో ఎడమ సగం ఎడమ కంటి ముందు, కుడి సగం కుడి కంటి ముందు ఉంటాయి కనుక నాకు ఒక కంట ఫోల్డర్లు, ఒక కంట నీలం.

నా తప్పులు రెండు. తీగను గ్రాఫిక్స్ కార్డు రంధ్రంలో కాక మదర్‌బోర్డు రంధ్రంలో పెట్టాను. కంప్యూటర్ వెనక రెండు చోట్లా ఒకే రకం హెచ్‌డీఎంఐ రంధ్రం ఉండడం వల్ల చీకట్లో తేడా తెలియలేదు. రెండోది, కార్డుతో వచ్చిన ఏళ్లనాటి డ్రైవర్‌నే నమ్ముకున్నాను. తీగ మార్చాను. పాత డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తీసేసి కొత్తది ఎక్కించాను. మళ్లీ తగిలించుకుంటే డెస్క్‌టాప్ పోయి లోపల అంతా చీకటి. ఆ చీకటే మంచి గుర్తు. మేస్త్రీ ఆ తెరను గుర్తుపట్టి, ఎవరినీ రానివ్వకుండా ఖాళీగా ఉంచాడన్నమాట.

పిలా హౌస్ నుంచి లామింగ్టన్ రోడ్డు దాకా

18వ శతాబ్దం చివర్లో నిజాం ఏలుబడిలోని ఊళ్ల నుంచి బొంబాయికి పనికి వచ్చిన కామాటీలు బస చేసిన చోటు కనుక ఇది కామాటిపుర అయింది. బురద నేలను మట్టితో పూడ్చి, రాయి మోసి, గోడ లేపినవాళ్లు వాళ్లు. ఆ తర్వాత మిల్లులు వచ్చాయి. నేత తెలిసిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, నయ్‌గావ్ పక్కకు చేరారు. తెలంగాణ పల్లెల్లో "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మూడు బతుకుదారులను ఒక్క ఊపిరిలో చెప్పుకునేవారు. మా ఇంటికి దక్కింది నడిమిది. బయటివాళ్లు మాత్రం కామాటిపుర పేరు వినగానే ఒక్క సంగతే తలుచుకుని ఊరుకుంటారు. ఒంటి కన్నుతో చూస్తే లోతు తెలియదని నాకు హెడ్‌సెట్ చెప్పకముందే ఈ గల్లీ చెప్పింది.

మా వాడకు ఒక పక్క పిలా హౌస్. వెనకటి నాటకశాలల 'ప్లే హౌస్' జనం నోట అరిగి పిలా హౌస్ అయింది. నాటకాలు పోయి అక్కడ సినిమా వచ్చింది. ఇంకో పక్క చోర్ బజార్. కొంత దూరం నడిస్తే లామింగ్టన్ రోడ్డు. చిప్పు నుంచి తీగ దాకా, కొత్త కార్డు నుంచి ఎవరో వాడి వదిలేసిన కార్డు దాకా దొరకనిది లేదు. బొమ్మ చూపే విద్య వందేళ్లకు పైగా ఈ చుట్టుపక్కలే మకాం మారుస్తూ తిరిగింది.

లోతు బొమ్మ ఆ విద్యల్లో పాతదే. రెండు కళ్లూ ఒకే వస్తువును కొంచెం తేడాతో చూస్తాయనీ, ఆ తేడా నుంచే మెదడు దూరాన్ని లెక్క కడుతుందనీ 1838లో ఇంగ్లండ్‌లో చార్లెస్ వీట్‌స్టోన్ రుజువు చేశాడు. అద్దాల ముందు చెరో కంటికి చెరో బొమ్మ పెట్టి, చదునైన గీతల్లోంచి లోతును పుట్టించి చూపాడు. దాని పేరు స్టీరియోస్కోప్. ఆ తర్వాత చేతిలో పట్టే జంట ఫొటోల పెట్టెలు ఇంటింటికీ చేరాయి. 1907లో జేమ్స్ రికాల్టన్ అనే అమెరికన్ మన దేశం మీద వంద జంట ఫొటోల సంపుటం తెచ్చాడు. బొంబాయి కూడా అందులో ఉంది. అమెరికాలో కుర్చీలో కూర్చున్నవాళ్లు మన వీధులను లోతుగా చూశారు. ఆ వీధుల్లో రాయి మోసినవాళ్లకు ఆ పెట్టె ఎవరూ ఇచ్చి ఉండరు.

మన తరానికి లోతు బొమ్మంటే 'చిన్నారి చేతన'. 1984లో మలయాళంలో వచ్చిన దేశపు మొదటి త్రీడీ సినిమాకు అది తెలుగు రూపం. అందరికీ కలిపి ఒకటే తెర. రెండు బొమ్మలను ఆ తెర మీద కలిపి వేస్తే, కళ్లద్దాలు వాటిని విడదీసి చెరో కంటికి చేర్చేవి. హెడ్‌సెట్‌లో అలా విడదీసే పని ఉండదు, ఎందుకంటే ప్రతి కంటికీ సొంత తెర ఉంటుంది. 1968లో అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ మొదటిసారి ఇలాంటిది కంప్యూటర్‌కు కట్టి చూపాడు. అది ఎంత బరువంటే పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. దాన్ని పెట్టుకుంటే గాల్లో గీతల పెట్టె ఒకటి కనిపించేది. తల తిప్పితే ఆ పెట్టె కదలకుండా గదిలో తన చోటే నిలిచేది. ఈనాటి హెడ్‌సెట్‌లన్నీ ఆ గీతల పెట్టెకు వారసులే.

నేరుగా తెరకే

మొదట్లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీలు స్టీరియోను అదనపు హంగుగా చూశాయి. 2000ల మొదట్లో ఎన్‌విడియా ఇచ్చిన స్టీరియో డ్రైవర్ మామూలు త్రీడీ ఆటను మధ్యలో పట్టుకుని, చూసే చోటును కొంచెం ఎడమకు, కొంచెం కుడికి జరిపి రెండుసార్లు గీయించేది. ఆట రాసినవాడికి ఆ సంగతి తెలియనక్కర్లేదు. వాడేవాడి చేతిలో రెండు మీటలు ఉండేవి. ఒకటి రెండు బొమ్మల మధ్య ఎడం. రెండోది చూపులు ఎంత దూరంలో కలుసుకోవాలన్నది. ఎడం ఎక్కువైతే బొమ్మ చీలిపోతుంది, తక్కువైతే చదునైపోతుంది. ఎడమ బొమ్మ కుడి కంటికి, కుడి బొమ్మ ఎడమ కంటికి చేరాయంటే దగ్గరిది దూరంగా, దూరంది దగ్గరగా తిరగబడి తల దిమ్మెక్కుతుంది. లోతు వింతగా తోచినప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఈ అదలు బదలునే.

2013లో ఆక్యులస్ తొలి హెడ్‌సెట్‌లు ప్రోగ్రామర్ల చేతికి వచ్చేసరికి పాత తిప్పలే ఎదురయ్యాయి. డెస్క్‌టాప్‌ను హెడ్‌సెట్ మీదికి పరచడం, ప్రోగ్రామ్ కిటికీని అటు లాక్కెళ్లడం, బల్ల మీది మానిటర్ వేగమూ హెడ్‌సెట్ వేగమూ పొసగక బొమ్మ వణకడం. మొదటి రాత్రి నేను చూసింది అప్పట్లో అందరూ చూసిందే.

ఆ తిప్పలు తప్పించిన వాళ్లలో మనవాడొకడున్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్, ఖరగ్‌పూర్ ఐఐటీలో పై చదువు చదివిన కోడూరి రాజా అప్పటికి ఏఎండీ కంపెనీలో గ్రాఫిక్స్ పెద్ద. 2015 మార్చిలో ఏఎండీ 'లిక్విడ్‌వీఆర్' ప్రకటించింది. హెడ్‌సెట్ కోసం డ్రైవర్ ఏమేం చేయాలో అందులో విడివిడిగా తేల్చారు. హెడ్‌సెట్‌ను డెస్క్‌టాప్ నుంచి దాచి ప్రోగ్రామ్ నేరుగా దాని తెరకే బొమ్మ పంపడం ఒకటి. తల ఎటు తిరిగిందన్న సమాచారాన్ని ఆఖరి క్షణం దాకా ఆగి తాజాగా తీసుకోవడం ఇంకొకటి. రెండు కార్డులుంటే చెరో కంటికి చెరొకటి పని చేయడం మరొకటి. ఆ రోజుల్లోనే ఎన్‌విడియా కూడా తన డ్రైవర్‌లో ఇటువంటి ఏర్పాట్లు తెచ్చింది. 2016 జూన్‌లో ఏఎండీ 199 డాలర్లకే ఆర్‌ఎక్స్ 480 కార్డు విడుదల చేసి, హెడ్‌సెట్‌ను నడపడం పెద్ద జేబులకే పరిమితం కాకూడదని చెప్పింది. ఆ తరం కార్డులే ఇప్పుడు చేతులు మారి లామింగ్టన్ రోడ్డు లాంటి చోట్ల మాలాంటి వాళ్ల ధరకు దిగుతున్నాయి. 2017లో బాహుబలి బృందం కూడా ఏఎండీతో కలిసి 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అనే, హెడ్‌సెట్‌లో చూసే వీఆర్ చిత్రం తీసింది. మాహిష్మతి చుట్టూ తల తిప్పి చూడడం తెలుగువాళ్లకు అలా పరిచయమైంది.

పగ్డీ గది

లినక్స్ మీద ఈ చిక్కును విప్పిన తీరు బొంబాయి చాళ్లలో పెరిగినవాళ్లకు చెప్పగానే అర్థమవుతుంది. లినక్స్‌లో తెరలన్నిటికీ యజమాని ఒకడుంటాడు. డెస్క్‌టాప్‌ను నడిపే డిస్‌ప్లే సర్వర్ అది. ఏ ప్రోగ్రామ్ ఏం చూపాలన్నా ఆ యజమాని ద్వారానే పోవాలి. హెడ్‌సెట్‌కు ఆ ఆలస్యం పనికిరాదు. కీత్ ప్యాకర్డ్ అనే సీనియర్ ప్రోగ్రామర్ దీనికి కనిపెట్టిన ఉపాయం పేరే లీజు. ఇల్లు యజమానిదే, ఒక గది తాళం మాత్రం అద్దెదారుకు ఇచ్చేస్తాడు. అద్దెదారు ఉన్నన్నాళ్లూ ఆ గదిలోకి యజమాని రాడు. ముందే సొమ్ము కట్టి అద్దెకు తీసుకునే మన పగ్డీ గదుల్లో నడిచే పద్ధతి ఇదే కదా. హెడ్‌సెట్ తెరను యజమాని అలా వీఆర్ ప్రోగ్రామ్‌కు అప్పగిస్తాడు, పని ముగిశాక తిరిగి తీసుకుంటాడు. ఈ లీజు 2018 జనవరిలో వచ్చిన లినక్స్ కెర్నెల్ 4.15లో చేరింది. ఇది డెస్క్‌టాప్ పరిచే తెర కాదని చెప్పే గుర్తు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.

2019 జులైలో ఓపెన్‌ఎక్స్ఆర్ అనే ఉమ్మడి ఒప్పందం మొదటి రూపం వెలువడింది. దానివల్ల ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఒక్కో కంపెనీ హెడ్‌సెట్‌కు ఒక్కో రకంగా రాయాల్సిన పని తప్పింది. ఆ ఒప్పందానికి కట్టుబడి అందరికీ ఉచితంగా దొరికే మొనాడో అనే సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద పనిచేస్తుంది. లైసెన్సు కొనలేని సమాజ మందిరానికో, మున్సిపల్ బడికో ఇది తెరిచిన తలుపు.

స్లాబు రోజు

స్లాబు పోసే రోజు నాయిన తెల్లవారకముందే వెళ్లేవాడు. మిక్సరు తిరగడం మొదలయ్యాక ఆగడానికి లేదు. చేతి నుంచి చేతికి కాంక్రీటు గమేలాలు సాగుతూనే ఉండాలి. మధ్యలో పని ఆగితే ముందు పోసింది గట్టిపడిపోతుంది. దాని మీద తర్వాత పోసింది కలవక అతుకు పడుతుంది. ఏళ్ల తర్వాత వాన నీళ్లు కారేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే.

హెడ్‌సెట్‌లో ప్రతి క్షణమూ స్లాబు రోజే. సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడుస్తుంది. 90 హెర్ట్జ్ హెడ్‌సెట్‌కు సెకనుకు 90 బొమ్మలు కావాలి. అంటే ఒక్కో జత బొమ్మకు దక్కే సమయం 11 మిల్లీసెకన్లు. 2016 నాటి ప్రసిద్ధ హెడ్‌సెట్‌ల తెర రెండు కళ్లకూ కలిపి 2160 చుక్కల వెడల్పు, 1200 చుక్కల ఎత్తు. ఆ లెక్కన సెకనుకు 23 కోట్లకు పైగా చుక్కలు నింపాలి. మామూలు మానిటర్‌కు 12 కోట్లు చాలు. పైగా హెడ్‌సెట్‌లోని కటకాలు బొమ్మ అంచులను లోపలికి లాగి వంచుతాయి కనుక ముందే దాన్ని పీపాలా ఉబ్బించి గీయాలి. అప్పుడు ఈ వంపూ ఆ వంపూ కొట్టుకుపోయి గోడ నిటారుగా కనిపిస్తుంది. ఇలా ఉబ్బించాలంటే తెర పట్టేదానికన్నా పెద్ద బొమ్మ గీయాలి. కటకం అంచుల్లో రంగులు విడిపోతాయి కనుక ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా సరిచేయాలి.

ఇంత చేసినా, గీయడం మొదలైనప్పటికీ ముగిసేసరికీ తల కొంచెం తిరిగే ఉంటుంది. అందుకని తెరకు పంపే ముందు ఆఖరిసారి తల కొలత తీసుకుని బొమ్మను ఆ మేరకు జరిపి పంపుతారు. గోడ లేచాక కూడా మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి చూసుకున్నట్టు ఇది. తల కదలడానికీ కంటికి ఆ మార్పు చేరడానికీ మధ్య 20 మిల్లీసెకన్లు మించకూడదన్నది ఈ రంగంలో అందరూ పాటించే గీత. అది దాటితే చెవిలోని తూకం ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది. ఒళ్లు తిప్పి వాంతి వచ్చినట్టవుతుంది. హెడ్‌సెట్ తనకు పడదని తీసి పెట్టేసినవాళ్లలో చాలామందికి పడనిది హెడ్‌సెట్ కాదు, వేళ తప్పిన బొమ్మలు.

డ్రైవర్ పోతే వస్తువు పోయినట్టే

2009 నుంచి ఎన్‌విడియా అమ్మిన '3డీ విజన్' కళ్లద్దాలకు 2019 తర్వాతి డ్రైవర్లలో చోటు లేదు. కళ్లద్దాలు బాగానే ఉన్నాయి, పలికేవాడు పోయాడు. విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్‌ల సంగతీ అంతే. మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులో వాటి సాఫ్ట్‌వేర్‌ను ఇక కొనసాగించబోమని చెప్పింది. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త రూపంలో ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా పోయింది. చెక్కుచెదరని హెడ్‌సెట్‌లు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. 2025లో ఒక ఇంజనీరు సొంతంగా 'ఒయాసిస్' అనే డ్రైవర్ రాసి ఇచ్చాక వాటిలో చాలావాటికి ఎన్‌విడియా కార్డుల మీద మళ్లీ వెలుగు వచ్చింది.

ఈ కథ ధారావివాళ్లకు కొత్త కాదు. అక్కడి 13వ కాంపౌండ్‌లో ఊరు పారేసిన ప్లాస్టిక్‌ను రంగు రంగుగా ఏరి, కడిగి, కరిగించి మళ్లీ సరుకు చేస్తారు. వస్తువు పనికిరాకుండా పోవడానికీ, పనికిరాదని ఎవరో తేల్చడానికీ తేడా ఉందని ఆ గల్లీల్లో పిల్లవాడికి కూడా తెలుసు. డ్రైవర్ విద్య ఆ తెలివికి తర్వాతి మెట్టు. చేతిలో టంకం కడ్డీ, బుర్రలో డ్రైవర్ రెండూ ఉన్న కుర్రాడు పది పాత హెడ్‌సెట్‌లలో ఎన్నిటినో బతికించగలడు. కాసిని డబ్బులు కూడా లేనివాళ్లకు అట్టపెట్టె ఉండనే ఉంది. 2014లో గూగుల్ చూపిన కార్డ్‌బోర్డ్ నమూనాలో ఉన్నది మడత పెట్టిన అట్ట, 45 మి.మీ. నాభ్యంతరం గల రెండు కటకాలు, ఒక ఫోను. అట్ట మీద అచ్చువేసిన క్యూఆర్ గుర్తులో ఆ కటకాల లెక్క ఉంటుంది. ఫోను దాన్ని చదివి బొమ్మను ఎంత ఉబ్బించాలో తెలుసుకుంటుంది. అట్టపెట్టెకైనా అమరిక తప్పదు.

ఎవరి కన్ను, ఎవరి కొలత

నాకు అన్నీ కుదిరాక అమ్మకు తొడిగాను. "మసక మసకగున్నది బిడ్డా" అంది. నాకు అద్దంలా ఉన్న బొమ్మ ఆమెకు మసక ఎందుకైంది?

పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మి.మీ. ఉంటుంది. మనిషికీ మనిషికీ అది 10 మి.మీ.కు పైగా కూడా మారుతుంది. కటకాల నడుమ ఎడం నా కళ్లకు కుదిర్చి ఉంది. అమ్మ కళ్లు అంతకన్నా దగ్గర. స్కేలు నుదుటికి ఆనించి కొలిచాను. 58. హెడ్‌సెట్ కింది చక్రం తిప్పి 58 దగ్గర ఆపాను. చక్రం తిరిగితే కటకాలే కాదు, ప్రోగ్రామ్ ఎడమ బొమ్మకూ కుడి బొమ్మకూ పెట్టే ఎడం కూడా మారుతుంది. ఆ ఎడం తప్పితే గది మొత్తం కొలత తప్పుతుంది. ఉన్నదానికన్నా పెద్దగానో, చిన్నగానో తోస్తుంది.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. కొలత తప్పిన కళ్లద్దంలోంచి చూపిస్తే ఇరుకు గది కూడా విశాలంగా కనిపించవచ్చు. అందుకే ఎవరికి చూపిస్తున్నామో వాళ్ల కంటి కొలతే తీసుకోవాలి. ఆ చక్రం తిప్పడం వాళ్లకే తెలిసి ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు బొంబాయిలో మన గోడలన్నీ కూలి మళ్లీ లేచే కాలం. 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు అందాయి. దాదాపు 600 ఎకరాల ధారావిలో 2024 మార్చిలో సర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి. గోడకు లేజరు కాంతిని కొట్టి అది తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే లైడార్ యంత్రాలు గల్లీ గల్లీ తిరిగాయి. 2000 జనవరి 1కి ముందు నుంచీ ఉన్న అర్హులకు ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు అని ప్రకటన. కామాటిపురను కూడా మొత్తంగా కూల్చి కట్టే ఆలోచన నడుస్తోంది.

350 అంటే ఎంత? కాగితం మీద అది అంకె. నక్షా మీద అది గీత. ఆ గీతను ఇల్లుగా ఊహించడం నేర్చుకున్నవాళ్లకే తెలుస్తుంది. మా నాయినకు తెలిసేది. సంతకం పెట్టాల్సిన ఆడవాళ్లకు ఎవరు చెప్పారు? మన వాడలను లేజర్లు అంగుళం అంగుళం కొలిచాయి. ఆ కొలతలతో తయారైన త్రీడీ నమూనాలను దఫ్తరులో పెద్దలు ఎలాగూ చూస్తారు. అవే నమూనాలను వాడలోని సమాజ మందిరంలో, ఉండబోయేవాళ్ల కళ్లకు సరిచేసిన హెడ్‌సెట్‌లో, అసలు కొలతలకు చూపించాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక కంప్యూటర్, ఒక హెడ్‌సెట్, డ్రైవర్ సంగతి తెలిసిన ఒక కుర్రాడో, అమ్మాయో చాలు. అలాగే కూలకముందే మన గ్యాలరీలను, మెట్లను, బీడీ చాటలు ఆనించిన గడపలను రెండు కళ్ల బొమ్మలుగా తీసి దాచుకోవాలి. 1907లో మన వీధులను ఎవరో తీసుకెళ్లి ఎవరికో చూపారు. ఈసారి తీసేదీ చూసేదీ మనమే కావాలి. మన తెలుగు సంఘాలు పండుగ పందిళ్లకు పెట్టే ఖర్చులో కాస్త దీనికి కేటాయించమని చేతులెత్తి అడుగుతున్నాను.

బిగించే ముందు

• తీగ గ్రాఫిక్స్ కార్డు రంధ్రంలోనే పెట్టాలి. ల్యాప్‌టాప్ అయితే దాని హెచ్‌డీఎంఐ రంధ్రం పెద్ద గ్రాఫిక్స్ చిప్పుకు కలిసి ఉందో, ప్రాసెసర్‌లోని చిన్నదానికి కలిసి ఉందో కొనకముందే తెలుసుకోవాలి.

• పాత హెడ్‌సెట్ కొనేటప్పుడు మొదట అడగాల్సింది ధర కాదు, దానికి ఈనాటి డ్రైవర్ ఉందా అన్నది.

• కొత్త డ్రైవర్ ఎక్కించే ముందు పాతదాన్ని పూర్తిగా తీసేయాలి. కొత్తది పొసగకపోతే వెనక్కి వెళ్లడానికి పనిచేసిన పాతదాన్ని దాచుకోవాలి.

• హెడ్‌సెట్‌లో డెస్క్‌టాప్ కనిపిస్తే అమరిక తప్పినట్టు. చీకటిగా ఉండి, ప్రోగ్రామ్ తెరిచాకే వెలిగితే సరైనట్టు.

• బొమ్మ వణికితే ముందు బొమ్మ నాణ్యత తగ్గించాలి, వేగం తగ్గించకూడదు.

• ప్రతి మనిషికీ కంటిపాపల ఎడం కొలవాలి. మెల్లకన్ను ఉన్నవాళ్లకు లోతు తెలియకపోవచ్చు. పిల్లల విషయంలో తయారీదారు చెప్పిన వయసు పాటించాలి. తల తిరిగితే ఓర్చుకోకుండా వెంటనే తీసేయాలి.

గడప ఏది?

ధారావిలో ఉండే మా చిన్నమ్మ ఒక ఆదివారం ఇంటికొచ్చింది. బట్టల కార్ఖానా నుంచి తెచ్చిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. గడప మీద కూర్చుని, గల్లీలో పడే వెలుతురులో చేస్తుంది. ఆమె కోసం నేను 350 చదరపు అడుగుల ఇల్లొకటి బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రామ్‌లో గీసి ఉంచాను. అధికారుల నక్షా కాదది. ప్రకటించిన కొలతతో నేను అల్లిన గది, వంటిల్లు, స్నానాల గది. ఆమె కళ్ల ఎడం కొలిస్తే 60 వచ్చింది. చక్రం తిప్పి తొడిగాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. మెల్లగా తల తిప్పింది. పైకి చూసింది. "నీళ్లు లోపల్నే వస్తయా?" అని అడిగింది. వస్తాయన్నాను. ఆమె ముఖం వెలిగింది. రెండు అడుగులు వేసి, తలుపు వైపు తిరిగి ఆగిపోయింది.

"గడప ఏది బిడ్డా? నేను యాడ కూసోవాలె?"

నా నమూనాలో తలుపు బయట చీకటి నడవా ఉంది. వెలుతురు వచ్చే కిటికీ వంటింటి వెనక పెట్టాను. నెల రోజులు గీసినా నాకు తట్టనిది, నక్షాలో ఎవరికీ కనపడనిది, కొలత సరిపోయిన రెండు కళ్లకు రెండు నిమిషాల్లో దొరికింది. ఆ రాత్రి కిటికీని ముందు గదిలోకి మార్చాను. దాని కింద కూర్చోవడానికి అడుగున్నర వెడల్పు అరుగు గీశాను.

తర్వాతి ఆదివారం చిన్నమ్మ ఒంటరిగా రాలేదు. తన గల్లీ ఆడవాళ్లు ఐదుగురిని వెంటపెట్టుకొచ్చింది. "వీళ్ల కండ్లకు గూడ సరిచేసి పెట్టు" అంది. రాసుకోవడానికి కాగితం వెతుకుతుంటే అమ్మ మాలా మీది పెట్టెలోంచి నాయిన హాజరీ పుస్తకం తీసి ఇచ్చింది. పేరు, పేరు ఎదురుగా రోజు, అర రోజు, కూలీ లెక్క. చివర ఖాళీ పేజీలు మిగిలి ఉన్నాయి. వాటి మీద ఒక్కొక్కరి పేరు రాసి, ఎదురుగా కొలత వేశాను. 61. 57. 64. 59. 62.